అంకమ్మ పీకిన నారు

పూర్వం ఒక రాజ్యంలో నాగలి పట్టినవాడిదే పొలమని చట్టం. ఆడది నాగలి పట్టకూడదన్నదీ చట్టమే. రెండూ ఒకే పూట రాయించారట. అంకమ్మ మొగుడు పోయాక, ఆమె రెండెకరాలూ దున్నిపెట్టిన మరిదివేనని మునసబు తీర్పిచ్చాడు. ఆయన తలపాగా చాలా పెద్దది; ఈ కథకు దాంతో పనిలేదు.

"చిత్తం బాబూ," అని అంకమ్మ ఊళ్లో ఆడవాళ్లను వెంటబెట్టుకెళ్లి, తాము నాటిన వరినారు పీకసాగింది. మరిది పరుగున వెళ్లి మునసబును తీసుకొచ్చాడు.

"ఇదేం పనే అంకమ్మా?"

"మరిది దున్నిన బురద మరిదికే వదిలేశాను బాబూ, చిటికెడు కూడా ముట్టలేదు. మేం నాటింది మేం తీసుకుంటున్నాం."

"ఊరి పొలాలన్నీ మీరు నాటినవేగా!"

"అవును బాబూ. దీని తర్వాత తమరిదే."

అప్పటికే ఇద్దరు ఆడవాళ్లు ఆయన పొలం గట్టెక్కారు.

మునసబు అక్కడే కూర్చుని పొలం అంకమ్మ పేర రాసిచ్చాడు. ఆమె పట్టా నడుముకు దోపుకుని, పీకిన నారు మళ్లీ నాటడానికి వంగింది.