చెలమ దగ్గర పొట్టి వరస

ఎండలు ముదిరితే ఆ అడవికి వాగులో చెలమ ఒక్కటే దిక్కు. ఎవరు ముందు తాగాలో చెప్పే పెద్దను ఏటా ఎన్నుకుంటారు. పెద్దరికం కోరినవాళ్లు నిలబడితే, మిగతావాళ్లు వెనక వరస కడతారు. ఎవరి వరస పొడుగైతే వాళ్లదే గెలుపు. లెక్కపెట్టేది ముసలి దున్నపోతు ఈరన్న. తను ఏ వరసలోనూ నిలబడడు.

నిలబడినవాళ్ల వెనక నక్కలు పన్నెండు, జింకలు పది, పందులు తొమ్మిది. మూడేళ్లుగా నక్క చిత్తయ్యదే గెలుపు. ఏటా జింకల చెవిలో "పందులు మీ నీళ్లలో పొర్లుతున్నాయి" అనేవాడు. పందుల చెవిలో "మీ కంపు పడదట జింకలకి" అనేవాడు. అవి రెండూ తన్నుకుచచ్చేవి. పోయినేడు చిత్తయ్య వంతులు వేస్తే ఈరన్నకి ఆఖరున బురదే మిగిలింది. ఆ రుచి ఇంకా నాలిక మీదే ఉంది. మరిచిపోయే రకం కాదు.

ఈసారి ఈరన్న గిట్టతో నేల తట్టాడు. "ఒక్క మార్పు. వారం తర్వాత వరసలు కట్టండి. పొట్టి వరస పెద్ద కూర్చోవాలి. అతని వాళ్లు మిగిలిన ఇద్దరిలో ఒకరి వెనక్కి పోవాలి. అప్పుడు లెక్క."

చిత్తయ్య తోకాడించాడు. "నాదెప్పుడూ పొడుగు వరసే కదా తాతా! నీ ముచ్చట కాదనడమెందుకు? కానీయ్."

ఆ సాయంత్రమే జింక పెద్ద కోమలి పందుల గుంపుకెళ్లింది.

"గురవ మామా, పిల్లలు బాగున్నారా?"

"నిన్నటిదాకా ముక్కు మూసుకుని పోయేదానివి కదే!" అన్నాడు పందుల పెద్ద గురవడు.

"మీరు మా నీళ్లలో పొర్లుతున్నారని చెప్తే నమ్మాను మామా."

"ఎవరు చెప్పారు?"

"చిత్తయ్య."

గురవడు చెవులు రిక్కించాడు. "మా కంపు నీకు పడదని చెప్పిందీ వాడే!"

పంది పిల్లల్ని జింక నాకుతుంటే చూసి, ఈరన్న నోట్లో మేత నోట్లోనే ఉండిపోయింది. ఇన్నేళ్లు తను అరిచి చెప్పినా కలవనివాళ్లు!

చిత్తయ్యకి విషయం ఆలస్యంగా తట్టింది. ఎన్నిక పొద్దున గురవడికి దుంపలు మోసుకొచ్చాడు. "మామా, నీకోసమే..."

"మా కంపు నీకు పడుతుందా అల్లుడూ?"

వరసలు కట్టారు. పన్నెండు, పది, తొమ్మిది. గురవడు కూర్చున్నాడు. తొమ్మిది పందులూ నడుచుకుంటూ కోమలి వెనక్కి చేరాయి. ఈరన్న గిట్ట పంతొమ్మిదిసార్లు మోగింది.

"మోసం! నన్ను ముంచావు తాతా!"

"నిన్ను నేను ముట్టుకోలేదురా. ఆ మార్పుకి సరేనన్నది నువ్వే."

మర్నాడు ఈరన్న నీళ్లకొచ్చి ఆగిపోయాడు. గట్టు పక్కన చిత్తయ్య చెమటలు కక్కుతూ పందులకి పొర్లుగుంట తవ్వుతున్నాడు.

"ఏంట్రా ఇది?"

"వచ్చే ఏడు ఎన్నిక ఉందిగా తాతా," అన్నాడు తలెత్తకుండా.

అవే పళ్లు, అదే తోక, అదే నక్క. ఈరన్న కోపం తగ్గలేదు. "ఇంకా లోతుగా తవ్వు," అని కసిరి, తేట నీళ్లలో మూతి పెట్టాడు.

నీతి: నక్క బుద్ధి మార్చే మందు లేదు గానీ, ఎన్నిక పద్ధతి మారిస్తే నక్క చేతే గుంట తవ్వించవచ్చు.