పెన్‌డ్రైవ్ పీకేశాక

జిలానికి విసుగొచ్చేసింది. పెన్నా ఒడ్డున ఉన్న ఆ చిన్న దర్గాలో కరీముల్లా బాబాకు శిష్యుడై రెండేళ్లయింది. జనం బాబా దగ్గరకొచ్చి కష్టాలు చెప్పుకుంటారు. అర్జీ పెట్టాల్సినవి ఉంటే జిలాని టైపు చేసి, పేరు లేకుండా అధికారులకు పంపుతాడు.

అందుకోసం ఒక పెన్‌డ్రైవ్ ఉంది. దాన్ని పెట్టి కంప్యూటర్ ఆన్ చేస్తే కంప్యూటర్‌ది కాక పెన్‌డ్రైవ్‌లోని సిస్టమే లేస్తుంది. పీకేస్తే రాసిందీ పంపిందీ ఏదీ కంప్యూటర్లో మిగలదు. భద్రమే. కానీ ప్రతిసారీ బారెడు పాస్‌వర్డ్ కొట్టాలి, వైఫై కలపాలి, తెలుగు కీబోర్డు పెట్టుకోవాలి, వచ్చినవాళ్లను మళ్లీ మొదటినుంచీ అడగాలి. వేళ్లు, మెడ, ఓపిక మూడూ అరిగిపోయాయి.

"దీనికి నిన్నటి సంగతి ఈరోజు గుర్తుండదు బాబా," అన్నాడు ఆ మధ్యాహ్నం. ‘మీలాగే’ అనబోయి మింగేశాడు.

బాబాదీ అదే వరస మరి. ఇసుక లారీలు ఏటిని తోడేస్తుంటే బోరు ఎండిపోయి, ఓబులమ్మ అనే ఆమె అర్జీ కోసం మూడుసార్లు వచ్చింది. అర్జీలు పెడుతున్నదెవరో తెలిస్తే కాళ్లు విరగ్గొడతామని ఇసుక కాంట్రాక్టరు మనుషులు ఊరూరా చెప్పి పోయారు. అంత భయంతో వచ్చిన మనిషిని బాబా మూడుసార్లూ అందరి ముందూ, "ఎవురమ్మా నువ్వు? యా ఊరు?" అనే అడిగాడు. ముసలాయనకు మతి తప్పుతోందని జిలాని బాధపడ్డాడు.

అంతలో మోటార్‌సైకిల్ ఆగింది. వచ్చింది కాంట్రాక్టరు మనిషి. జిలాని చటుక్కున పెన్‌డ్రైవ్ పీకి జేబులో వేసుకున్నాడు.

"ఈడ అర్జీలు రాస్తాండారంట. ఏదీ, ఆ కంప్యూటర్ తెరువు," అన్నాడతను.

అరగంట గెలికాడు. ఏమీ దొరకలేదు. జిలానికి ప్రాణం కుదుటపడింది. గర్వంగా కూడా అనిపించింది. ఆ మనిషికి తనే టీ పోసిచ్చాడు.

అతను అరుగు మీద టీ తాగుతుండగా ఓబులమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"రా అక్కా, నీ..." అన్నాడు జిలాని, తెలిసిన ముఖం కనబడిన సంతోషంలో.

బాబా పళ్లెంలోంచి ఖర్జూరం తీసి జిలాని నోట్లో పెట్టాడు. తర్వాత ఆమె వైపు తిరిగాడు.

"ఎవురమ్మా నువ్వు? యా ఊరు?"

ఓబులమ్మ అరుగు వైపు ఒక్కసారి చూసింది. "కొండ అవతల పల్లె సామీ. పిల్లోనికి జరం. తాయెత్తు కావాల."

బాబా నల్లదారం తీసి ముళ్లు వేయసాగాడు. అరుగు మీది మనిషి టీ ముగించి, ఆమెను మళ్లీ చూడకుండానే వెళ్లిపోయాడు.

మోటార్‌సైకిల్ చప్పుడు ఏటి మలుపు దాటేదాకా బాబా ముళ్లు వేస్తూనే ఉన్నాడు.

"కూర్చో ఓబులమ్మా. మీ కూతురికి కాన్పయిందా? మొదటిసారి వచ్చినప్పుడు ఏడో నెల అంటివి కదా."

"ఆడపిల్ల సామీ," అంటూ ఆమె కూలబడి కళ్లు తుడుచుకుంది.

ఏడో నెల సంగతి జిలానికి గుర్తే లేదు. నోట్లో ఖర్జూరం నమలకుండా అలాగే ఉంది. జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి మళ్లీ కంప్యూటర్‌కు పెట్టాడు. బారెడు పాస్‌వర్డ్ ఒక్కో అక్షరమే కొట్టడం మొదలుపెట్టాడు.