కొంగలంక జెండాలో ఎరుపు

"ఆ జెండాలో ఎరుపుకు అసలు అర్థమేమిటి గురువుగారూ?" అని మృత్యుంజయుడు పొద్దుటి నుంచి అడుగుతూనే ఉన్నాడు. అడిగిందే తడవుగా జవాబు చెప్పే అలవాటు చిదానందులవారికి లేదు. శిష్యుడికేమో కాలు నిలవడం లేదు.

జెండా కొంగలంకది. గోదావరి నడుమ ఉన్న ఆ లంక మాదంటే మాదని రెండు గట్ల జమీందార్లూ తగువులాడుకుంటుంటే, విసిగిపోయిన లంకవాళ్లు మేమెవరి సొత్తూ కామని సొంత జెండా ఎత్తారు. ఎర్రటి గుడ్డ, మధ్యలో తెల్లకొంగ, కింద పచ్చటి అంచు. పచ్చ అంటే పైరన్నారు, కొంగ అంటే ఓర్పన్నారు, బాగానే ఉంది. పేచీ అంతా ఎరుపు దగ్గరే వచ్చింది. నెత్తురని కుర్రకారు, వరదలో వచ్చే ఎర్రనీరని పెద్దలు. లంకలో కాపురముంటున్న మృత్యుంజయుడి అక్క పేరమ్మ ఇంట్లో దీని మీదే తండ్రీకొడుకులు మాటలు మానేశారు. తేల్చిచెప్పే పని చదువుకున్నవాడని మృత్యుంజయుడి నెత్తిన పడింది.

గురువుగారు లేచి ఏటిగట్టు మీదికి నడిచారు, శిష్యుడు వెంటపడ్డాడు. ఏరు తెల్లవారేసరికి పొంగిపోయింది. దూరాన లంక మీద ఎరుపు కదులుతోంది.

"చూశారా! ఇంత వరదలోనూ దించలేదు. అది నెత్తురే, సందేహం లేదు!" అన్నాడు మృత్యుంజయుడు. ఒళ్లు పులకరించింది వాడికి.

రేవులో పడవలన్నీ కట్టేసే ఉన్నాయి. పడవ నడిపే గంగులు గట్టున కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు.

"ఏం గంగులూ, పడవ తియ్యలేదేం?" అన్నారు గురువుగారు.

"ఎక్కడికండి? మునుపు నీరొత్తే లంకోళ్లు ఎర్రగుడ్డ ఊపేవోరు, మేం పడవేసుకుని పోయేవోళ్లం. ఇప్పుడదే జెండా అయి కూకుందండి. మమ్మల్ని పిలుత్తున్నారో, మా మీద మీసం మెలేత్తున్నారో ఎలా తెలుత్తాదండి?"

మృత్యుంజయుడు కళ్లు చికిలించి చూశాడు. గాలి బొత్తిగా లేదు. ఇంటికప్పు మీద ఎవరో ఆడమనిషి నిలబడి ఆ గుడ్డను రెండు చేతులా ఊపుతోంది.

"గురువుగారూ, అయితే ఆ ఎరుపు..." అంటూ వెనక్కి తిరిగాడు.

చిదానందులవారు అప్పటికే మొలలోతు నీళ్లలో దిగి పడవ తాడు విప్పుతున్నారు.

"పిలుస్తున్నది మీ అక్క నాయనా. అర్థం నన్నడుగుతావేం?" అన్నారు.