దుప్పుల కోసం వేసిన ఉలవచేను

భవనారాయణ గురువుగారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడు సందేహం అడిగితే సమాధానానికి బదులు ఏదో ఒక పని అప్పగించేవారు. ఆ సంగతి పట్టాభికి తెలుసు. అయినా, మరో దారి తోచక అడిగాడు.

“గురువుగారూ, మా ఊళ్ళో పెద్దవాళ్ళకు సాయంత్రపు పాఠశాల పెట్టాను. చాపలు పరిచాను, దీపాలు పెట్టాను, కడవతో మంచినీళ్ళు కూడా ఉంచాను. జనం గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగిపోతున్నారు. ఆ ఊరికి చదువు మీద ఆసక్తి లేదు. మూసేయమంటారా?”

గురువుగారు ఆశ్రమం వెనుక, అడవిని ఆనుకొని ఉన్న బీడు వైపు చూశారు.

“వానలు తగ్గుముఖం పట్టాయి. అక్కడ దుప్పుల కోసం ఉలవలు చల్లు. చలికాలంలో వాటికి అడవిలో పచ్చిక దొరకదు. అవి వచ్చి మేస్తే పాఠశాల సంగతి ఆలోచిద్దాం.”

“రాకపోతేనండీ?”

“మూసేద్దువుగాని.”

పట్టాభి రైతుబిడ్డ. ఆశ్వయుజ మాసపు తడి ఆరకముందే బీడు దున్ని ఉలవలు చల్లాడు. గట్టు వెంబడి బొబ్బర్లు కూడా వేశాడు. వంట చేసే వెంకాయమ్మగారు పెరటి గుమ్మంలో నిలబడి వింతగా చూసేది. “నా తోటకూర మడిలోకి వస్తున్నాయని ఏడాదంతా కర్ర పుచ్చుకుని తరిమాను. ఇప్పుడు మీరు పిలిచి విందు చేస్తున్నారా, నాయనా?”

కార్తీకం వచ్చేసరికి చేను మోకాలెత్తు పెరిగి పచ్చగా కమ్ముకుంది. తెల్లవారుజామున దుప్పులు అడవి అంచు దాకా వచ్చేవి. చెవులు రిక్కించి చేను వంక చూసేవి. ఒకటి ముందుకాలు ఎత్తి, దించి, వెనుదిరిగేది. తక్కినవి దాని వెంట పోయేవి. అవి నాకడానికి వస్తాయేమోనని పట్టాభి గట్టు మీద రాతి ఉప్పు పెట్టాడు. అయినా రాలేదు. “విస్తళ్ళు కూడా వేసి చూడండి,” అంది వెంకాయమ్మగారు.

చివరకు అతను మూట కట్టుకొని సెలవు తీసుకోవడానికి వచ్చాడు. “ఆ ఊరివాళ్ళలాగే ఈ దుప్పులకూ మంచి రుచించదండీ. వెళ్ళి పాఠశాలకు తాళం వేస్తాను.”

గురువుగారు అతన్ని చేను దగ్గరకు తీసుకువెళ్ళారు.

“ఆ నిలబడ్డ పెద్దమనిషి ఎవరు?”

చేను నడుమ, కుండ తలకాయకు సున్నంతో కళ్ళు, మసితో మీసాలు దిద్దుకొని, చేతులు బారచాపిన గడ్డి బొమ్మ ఉంది. గాలికి దాని లాల్చీ రెపరెపలాడుతోంది.

“దిష్టిబొమ్మండీ. మొలక రాగానే నేనే పెట్టాను.”

“ఎందుకు?”

“చేను వేశాక బొమ్మ పెట్టకుండా ఎలాగండీ? మా తాతగారి నాటి నుంచీ పశువులూ జంతువులూ చేలో పడకుండా...”

పట్టాభి అక్కడ ఆగిపోయాడు. వెనకాల వెంకాయమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గురువుగారు మాత్రం దాపరికం లేకుండా, కళ్ళు తుడుచుకునేంతగా నవ్వారు. కాసేపటికి పట్టాభికీ నవ్వాగలేదు. తానే వెళ్ళి బొమ్మను పెరికి భుజాన వేసుకొచ్చాడు. మూట విప్పేశాడు.

కొన్నాళ్ళు పోయాక, మంచు కురుస్తున్న ఒక ఉదయం, తల్లి దుప్పి ఒకటి పిల్లను వెంటబెట్టుకొని చేలోకి దిగింది. ఆ వెనుక మంద అంతా వచ్చింది. గురుశిష్యులు అరుగు మీద కదలకుండా కూర్చొని, ఉలవ తీగలు పుటుక్కున తెగే చప్పుడు వింటున్నారు.

“పట్టాభీ, మీ పాఠశాలకు వచ్చినవాణ్ణి గుమ్మంలో మొదట ఏమడుగుతావు?”

“ఇంతకుముందు చదివింది అప్పజెప్పమంటానండీ. వాళ్ళ స్థాయి తెలియాలి కదా మరి...” ఆ మాట కూడా అతను పూర్తి చేయలేకపోయాడు.

దుప్పులు బెదరకుండా గురువుగారు గొంతు తగ్గించారు.

“వెళ్ళి తలుపులు తెరువు, నాయనా. నువ్వు మాత్రం కాస్త పక్కకు జరిగి కూర్చో.”