ఓబులేసు మెడలో బ్యాక్‌స్పేస్

మండలాఫీసు ఎదురుగా రేకుల షెడ్డులో అర్జీలు టైపు చేసే ఓబులేసు, తన వేళ్లకు తప్పన్నదే తెలియదని వచ్చేపోయే వాళ్లందరి ముందూ కోతలు కోస్తూ ఉండేవాడు.

కోతలు కోతలే గానీ, వేగం మాత్రం నిజం. అతను కీబోర్డు మీద చెయ్యి వేస్తే ఆ వేళ్ల గాలికి పక్క బండిలో చాంద్ బాషా కాచిన టీ చల్లారిపోయేది. ఆ టపటపలు విని కరెంటు తీగ మీది కాకులు వానొచ్చిందనుకుని గూళ్లకు పోయేవి. నమ్మకపోతే ఆ కాకుల్నే అడగండి.

కంప్యూటర్లో బ్యాక్‌స్పేస్ అని ఒక బటన్ ఉంటుంది. తప్పు అక్షరం పడితే అది నొక్కాలి. ఒక్కసారి నొక్కితే ఒక్క అడుగు వెనక్కి వెళ్లి ఆ అక్షరాన్ని చెరిపేస్తుంది. పాపం, దానికి అదే పని. ఓబులేసు ఒకరోజు ఆ బటన్ ఊడబీకి, నల్లదారం కట్టి మెడలో వేసుకున్నాడు. చెరిపే పనే చేసే డిలీట్ బటన్‌నయితే షెడ్డు మీదికి గిరవాటేశాడు.

"ఏందబ్బీ, నీ కీబోర్డుకు పన్నూడింది?" అన్నాడు చాంద్ బాషా.

"నాకెందుకన్నా అది? నేను ముందుకు పోయేవాణ్నే గానీ వెనక్కి తిరిగేవాణ్ని కాను!" అన్నాడు ఓబులేసు, మెడలో బిళ్లను ఆడిస్తూ.

ఒక సోమవారం అర్జీలు తీసుకోవడానికి కలెక్టరు మండలాఫీసుకు వచ్చాడు. పొద్దుటి నుంచీ సీతంపల్లె వాళ్లు ఒకరి వెనక ఒకరు బోరు కావాలని టైపు చేయించుకున్నారు. ఒంటిగంటకు ఇంకా పావుగంట ఉందనగా గుట్టకిందపల్లె ఈరమ్మ పరుగున వచ్చింది. వాళ్ల ఊళ్లో ఉన్న ఒక్క బోరూ ఎండిపోయింది. ఆడవాళ్లు రెండు మైళ్లు నడిచి నీళ్లు మోస్తున్నారు.

"నాయనా, ఒంటిగంటకు సారు లేచిపోతాడంట. మాకూ బోరు కావాలని బిరీన కొట్టు!"

"నువ్వు కొంగుతో చెమట తుడుచుకునే లోపల అయిపోతుందక్కా!"

అన్నట్టే అయింది. కాగితం తీసి, వేలిముద్రకు సిరా డబ్బీ జరిపాడు.

"చదివి వినిపించు. వినకుండా వేలు పెట్టను," అంది ఈరమ్మ.

"నేను కొట్టిందాన్ని మళ్లీ చదవడం ఒకటా!" అని గొణుగుతూ ఓబులేసు కాగితం ఎత్తాడు. పొద్దుటి నుంచీ అలవాటు పడిన వేళ్లు, ఊరి పేరు ఉన్న నాలుగు చోట్లా సీతంపల్లె అనే కొట్టేశాయి.

ఈరమ్మకు చదువు రాదు. గుట్టకిందపల్లె అని పైకి చదివేస్తే అడిగేవాడు లేడు. పరువు నిలుస్తుంది. బోరు మాత్రం సీతంపల్లెకే పోతుంది. ఆ అబద్ధం ఓబులేసు నాలుక చివరిదాకా వచ్చేసింది కూడా. ఈరమ్మ వైపు చూశాడు. బిందెలు మోసి మోసి ఆమె నడినెత్తిన వెంట్రుకలు అరిగిపోయి ఉన్నాయి.

"తప్పు కొట్టానక్కా," అన్నాడు.

చాంద్ బాషా పోస్తున్న టీ, గ్లాసు దాటి నేల మీద పడింది.

ఓబులేసు మెడలో దారం పుటుక్కున తెంచాడు. బటన్‌ను దాని చోట పెట్టి బొటనవేలితో అదిమాడు. టక్కుమని కూర్చుంది.

"వెనక్కి తిరిగేవాణ్ని కానన్నావే?" అన్నాడు చాంద్ బాషా.

"తిరుగుతున్నానన్నా. ఎంత వేగంగా తిరుగుతానో చూస్కో!"

నాలుగు చోట్లా చెరిపాడు, నాలుగు చోట్లా కొట్టాడు, కొత్త కాగితం తీసి ఈసారి గట్టిగా చదివాడు. ఈరమ్మ వేలు పెట్టింది. ఇద్దరూ రోడ్డు దాటి పరుగెత్తారు. అప్పటికి కలెక్టరు ఒక కాలు జీపులో పెట్టాడు. రెండోది ఇంకా నేల మీదే ఉంది. ఆ నేల మీది కాలే గుట్టకిందపల్లెను కాపాడింది.

నెల తిరక్కముందే ఊళ్లో బోరు పడింది. నీళ్లు ఎంత ఎత్తు లేచాయంటే, పైన పోతున్న గద్ద తలస్నానం చేసి పోయింది. ఊరంతా పలక డప్పులు కొడుతూ ఓబులేసును తీసుకొచ్చి మొదటి బిందె అతని నెత్తిన కుమ్మరించారు.

"తప్పు కొట్టిన ఓబులేసు వచ్చాడు చూడండే!" అని ఆటపట్టించింది ఈరమ్మ.

"దిద్దిన ఓబులేసు అనక్కా!" అన్నాడు అతను, మీసం మీది నీళ్లు తుడుచుకుంటూ.

మరునాడు షెడ్డెక్కి డిలీట్ బటన్ కూడా వెతికి తెచ్చుకున్నాడు.

నీతి: తప్పు ఎవరి చేతనైనా జరుగుతుంది, దాన్ని దాచితే ఇంకొకరి గొంతు ఎండుతుంది, ఒప్పుకుని వెనక్కి వెళ్లి దిద్దుకున్నవాడే ముందుకు పోతాడు.