అవ్వకు గుర్తురాని మూడో మాట

ఎప్పటిదో చెప్తున్నాను, వినండి పిల్లలూ. మేఘగిరి అనే రాజ్యాన్ని కీర్తిసేనుడనే రాజు ఏలుతుండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయసేనుడు, రెండోవాడు వీరసేనుడు, మూడోవాడు సోమసేనుడు.

మూడోవాడు పుట్టినప్పుడు జోస్యుడు వచ్చి, "మహారాజా, మీ కొడుకులు ముగ్గురికీ గండం ఉంది" అన్నాడు. రాజు రెండు చెవులూ మూసుకున్నాడు. మనం దీపం ఆరిందనకుండా కొండెక్కింది అంటాం కదా! రాజుకు అలాంటి పట్టింపులు మరీ ఎక్కువ. చెడ్డమాట పలకడం వల్లే చెడు జరుగుతుందని ఆయన నమ్మకం. మర్నాడే చాటింపు వేయించాడు.

"ఉచ్చు, ఉరి, వల, బోను, మాటు, ఊబి, ఓదం, ముప్పు, ఆపద, గండం. ఇలాంటి మాటలు ఇకనుంచి ఎవరూ పలకరాదు. పలికితే నాలుక కోయిస్తాను."

ఆ మాటలతోనే బతికే మనిషి ఒకామె ఉంది. పేరు ఈరవ్వ. అడవి అంచున వేటగాళ్ళకు పెద్ద. అడవిలో ఎవరు ఏం పన్నినా ఆమెకు చెప్పితీరాలి. పొద్దు వాలేవేళ ఆమె మిట్టెక్కి కేక వేసేది.

"వాగుకు తూర్పున ఉచ్చు ఉందర్రా! ఇప్పచెట్ల కింద ఓదం తవ్వారు, అటు పోకండర్రా!"

కట్టెలకు పోయేవాళ్ళు, పశువులు తోలేవాళ్ళు ఆ కేక విని జాగ్రత్తపడేవాళ్ళు. చాటింపుతో ఆ కేక ఆగిపోయింది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ మాటలు ఒక్కొక్కటే జనం నోళ్ళలోంచి జారిపోయాయి. పిల్లలకైతే అవి తెలియనే తెలియవు. రాజకుమారులు మరీ అమాయకంగా పెరిగారు. గొయ్యి మీద తివాచీ పరిస్తే, ఎంత మంచి తివాచీ అనుకునే రకం.

ఇరవై ఏళ్ళు గడిచాయి. ఏడు సముద్రాల అవతల ఉండే కరాళుడనే మాంత్రికుడు పక్క రాజ్యపు రాజకుమారి హేమాంగిని ఎత్తుకుపోయాడు. విడిపించి తెస్తానని జయసేనుడు వెళ్ళాడు. వెళ్ళినవాడు రాలేదు. అన్నను వెతకడానికి వీరసేనుడు బయలుదేరాడు.

సోమసేనుడికి రెండో అన్నంటే ప్రాణం. మామిడిపండు కోస్తే చెక్కలు తమ్ముడికి పెట్టి టెంక తను చీకేవాడు ఆ అన్న. "ఏడవకురా చంటీ, నెల తిరక్కుండా వస్తాను" అని వెళ్ళాడు. నెల తిరిగింది. రెండు నెలలు తిరిగాయి. అతనూ రాలేదు.

అప్పుడు సోమసేనుడు, అన్నలకు ఏమయిందో చెప్పగలవాళ్ళెవరని దాసీలను అడిగి, ఈరవ్వ సంగతి తెలుసుకుని, ఆమె గుడిసెకు వెళ్ళాడు.

"ఇన్నాళ్ళకు గుర్తొచ్చానా రాజుగారబ్బాయికి?" అంది అవ్వ. సంగతంతా విని నిట్టూర్చింది. "ఆ కరాళుడు మొదట మా వేటగాడే నాయనా. మంత్రాలు ఎన్ని నేర్చుకున్నా వాడు పన్నేది మా పన్నుగడలే. మూడు పన్నుతాడు. చెప్పమంటే చెప్తాను, మీ నాన్న నా నాలుక కోస్తే నువ్వే బాధ్యుడివి."

"నాలుక నాకూ ఉంది అవ్వా, ముందు నాది కోయమంటాను. చెప్పు."

అవ్వ నవ్వింది. "మొదటిది ఊబి. పైకి పచ్చికలా ఉంటుంది, అడుగు పెడితే మింగేస్తుంది. పచ్చికలో ఒక్క గిట్ట గుర్తయినా లేదంటే, అది ఊబి. రెండోది ఓదం. ఏనుగుల్ని పట్టే గొయ్యి. పైన కొమ్మలు కప్పుతారు. చుట్టూ ఆకు నవనవలాడుతుంటే నడుమ మాత్రం వాడిపోయి ఉంటుంది. చూసుకుని నడువు."

"మూడోది?"

అవ్వ నోరు తెరిచింది. మాట రాలేదు. నుదురు కొట్టుకుంది. "మూడోది... ఉచ్చు కాదు. ఉరి కాదు. వలా కాదు. నాలుక మీదే ఉందిరా. ఇరవై ఏళ్ళు పలకలేదు కదా, ఎటో పోయింది."

"పోనీ, అదెలా ఉంటుందో చెప్పవ్వా."

"పేరు వస్తే దాని వెంట అన్నీ వస్తాయి. పేరే రావట్లేదు. ఈ పూటకు ఆగు నాయనా. రొట్టె కాలుస్తాను, తిని పడుకో. పొద్దుటికి వస్తుంది."

సోమసేనుడి మనసు అన్నల మీదే ఉంది. "రెండు తెలిశాయి చాలు. మూడోది నేనే చూసుకుంటాను" అని లేచాడు. అవ్వ గుమ్మందాకా వచ్చి ఇంకోసారి ఆగమంది. అతను ఆగలేదు.

సముద్రం ఒడ్డున గుడిసెంత తాబేలు ఉంది. "నువ్వు మూడోవాడివి" అంది అది. "వెళ్ళేటప్పుడు అందరూ ఎక్కుతారు, వచ్చేటప్పుడు ఒక్కడూ ఎక్కడు. నా వీపు అంత గరుగ్గా ఉందా ఏమిటి?"

"ఈసారి ముగ్గురం ఎక్కుతాం" అన్నాడు సోమసేనుడు.

ఒక సముద్రం దాటారు. ఇంకో సముద్రం దాటారు. ఏడూ దాటారు. దీవి మీద కాలు పెట్టగానే పచ్చిక కనిపించింది. ఒక్క గిట్ట గుర్తు లేదు. చుట్టూ తిరిగి పోయాడు. తరవాత ఆకుల దారి. నడుమ ఆకు వాడి ఉంది. అంచునే నడిచి దాటాడు.

కరాళుడి తోటలో వరసగా రాతిబొమ్మలు. ఊబిలో దిగినవాళ్ళనూ ఓదంలో పడినవాళ్ళనూ పైకి లాగి అలా రాళ్ళు చేసి పెట్టాడు వాడు. వాటిలో జయసేనుడు, వీరసేనుడు, ఓ పక్కన హేమాంగి. ఎదురుగా చెట్టు మీద చిలక ఒకటి రెక్కలు కొట్టుకుంటూ అరిచింది. అచ్చం వీరసేనుడి గొంతు!

"చంటీ! ఇటు రారా! మాంత్రికుడి ప్రాణం ఈ చిలకలోనే ఉంది. మెడ నులిమెయ్, మేమంతా బతుకుతాం!"

ఆ పిలుపు వినగానే సోమసేనుడికి ఇంకేమీ కనిపించలేదు. ఒక్క దూకులో పట్టుకుని మెడ నులిమాడు. చేతిలో మిగిలింది ఈకలు, గడ్డి. వెనక పటేలుమని చప్పుడైంది. తిరిగి చూస్తే, వీరసేనుడి బొమ్మ మట్టికుప్పగా కూలిపోయింది.

కరాళుడు పకపకా నవ్వుతూ వచ్చాడు. "ఎవరి గొంతు పెట్టానో వాడి ప్రాణమే అందులో పెట్టాను. మీ అన్నను నువ్వే చంపుకున్నావురా!"

సోమసేనుడు తలెత్తాడు. అదే చెట్టులో, ఆకుల చాటున, ఇంకో చిలక ఉంది. అది అరవడం లేదు. పిలవడం లేదు. మొహం తిప్పుకుని కూర్చుంది. లాఘవంగా దాన్ని పట్టేశాడు. కరాళుడి నవ్వు ఆగిపోయింది.

"వదులు! ఏం కావాలన్నా ఇస్తాను!"

"మా అన్నను బతికించు. వదిలేస్తాను."

కరాళుడు మట్టికుప్ప వైపు చూశాడు. "రాయిని మనిషిని చేయగలను. మట్టిని చేయలేను."

సోమసేనుడు చిలక మెడ నులిమాడు. మాంత్రికుడు కూలాడు. రాళ్ళన్నీ మనుషులయ్యాయి. జయసేనుడు కళ్ళు నులుముకుని, "వీరుడేడిరా?" అన్నాడు. తమ్ముడు ఉత్తరీయం పరిచి ఆ మట్టిని దోసిళ్ళతో ఎత్తుతున్నాడు.

మిగిలినవాళ్ళు కరాళుడి ఓడల్లో ఎవరి దేశాలకు వాళ్ళు పోయారు. అన్నదమ్ములిద్దరూ హేమాంగీ తాబేలు ఎక్కారు. అది వెనక్కి చూసి ఏదో అనబోయి, ఆ మూట చూసి ఊరుకుంది. ఏడు సముద్రాలూ ఆగకుండా ఈదింది.

ఒడ్డున ఈరవ్వ కూర్చుని ఉంది. సోమసేనుణ్ణి చూడగానే చేతులు పట్టుకుంది.

"దీమం నాయనా! దీమం! పిట్టల్ని పట్టడానికి పిట్టనే కట్టి కూయిస్తారు. తమవాళ్ళ గొంతు విని మిగతావి వచ్చి వాలతాయి. ఆ కూసేదే దీమం. పిలిచేదాని జోలికి పోకూడదు. నువ్వు వెళ్ళిన తెల్లారే గుర్తొచ్చింది. పరుగున వచ్చాను. అప్పటికే నీ తాబేలు అల్లంత దూరం పోయింది. ఎంత అరిచానో! గాలి ఎదురొచ్చింది." అప్పుడు చూసింది వాళ్ళ వైపు. "రెండోవాడేడీ?"

సోమసేనుడు మూట చూపించాడు.

సంగతంతా విన్న రాజు, దీమం అన్న ఆ మాటను సభలో నాలుగుసార్లు తనలో తనే పలికి చూసుకున్నాడు. "ఇంత చిన్న మాటా" అన్నాడు. చాటింపు రద్దు చేయించాడు. "నేను పలకనిచ్చి ఉంటే" అని తండ్రి, "నేను ఒక్క పూట ఆగి ఉంటే" అని కొడుకు. ఇద్దరూ ఒకరినొకరు ఓదార్చుకోలేకపోయారు.

ఏడాది తిరిగాక హేమాంగికీ సోమసేనుడికీ పెళ్ళయింది. "మొదటి అడుగులోనే మునిగినవాణ్ణి, నేనేం ఏలతానురా" అని జయసేనుడు తమ్ముడికే పట్టం కట్టించాడు. సోమసేనుడు నలభై ఏళ్ళు ఏలాడు. వానలు కురిశాయి, పంటలు పండాయి, పిల్లలు పుట్టారు.

ఆయన సభలో మాత్రం ఒక పద్ధతి ఉండేది. ముసలివాళ్ళెవరైనా చెప్పుకోవడానికి వచ్చి, మాట మధ్యలో మరిచిపోయి ఆగిపోతే, మంత్రి అందించబోయేవాడు. రాజు చెయ్యెత్తి ఆపేవాడు.

"తొందరేం లేదు తాతా. గుర్తు తెచ్చుకో. మేం ఉంటాం" అనేవాడు.

సభంతా చప్పుడు లేకుండా కూర్చునేది. అన్నాలవేళ దాటిపోయినా సరే, ఎవ్వరూ లేచేవాళ్ళు కాదు.