కొండలరావుగారి రెండో పీక్

గురువుగారికి పాతికేళ్ళ కిందట కనబడిన పీక్ సునందకు ఎన్ని తంటాలు పడినా కనబడలేదు. ఏడాదిన్నర అయింది. అది కనబడితే గానీ ఆమె థీసిస్ ముందుకు కదలదు.

గురువుగారంటే ఆచార్య కొండలరావు. విశాఖలో ఆయన ప్రయోగశాలలో జరిగే పని చెప్పుకోవడానికి తేలికే. గాలంతా తోడేసిన ఉక్కు పాత్రలో గోరంత నికెల్ బిళ్ళ వేలాడుతుంటుంది. దాని మీదికి కాస్త కార్బన్ మోనాక్సైడ్ వదిలితే అణువులు వచ్చి అతుక్కుంటాయి. బిళ్ళను మెల్లగా వేడి చేస్తే పట్టు వదిలి లేస్తాయి. అలా లేచినవాటిని ఎదురుగా ఉన్న మాస్ స్పెక్ట్రోమీటరు పట్టుకుని తెర మీద గీత గీస్తుంది. ఏ వేడి దగ్గర ఎక్కువ లేస్తే అక్కడ గీత గుట్టలా పైకెక్కుతుంది. దాన్నే పీక్ అంటారు.

కొండలరావుగారికి పేరు తెచ్చిన పేపరులో రెండు పీకులున్నాయి. సునందకు ఎప్పుడూ ఒకటే. విశాఖ ఉక్కపోతలో పాత్రకు అల్యూమినియం రేకు చుట్టి, రెండేసి రోజులు కాచి తేమ వదలగొట్టింది. బిళ్ళ మార్చింది. గ్యాసు సిలిండరు మార్చింది. ఇక మార్చడానికి తనొక్కతే మిగిలిందని తేల్చుకుని, ఒక సోమవారం పొద్దున రాజీనామా కాగితం పట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళింది.

ఆయన చదివి బల్ల మీద పెట్టారు.

"ఏటమ్మా ఇది? నీకు పని చేతకాదని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు సార్. మీ పీక్ రావడం లేదు కదా."

"పద. నా ముందు ఒకసారి చెయ్యి."

సునంద గ్యాసు వదిలి, బిళ్ళను వేడి చేసింది. పనిలో ఎక్కడా తేడా రాలేదు. గీత లేచింది. ఒకటే పీక్. సునంద తల దించుకుంది. ఆయన మాత్రం గీతను వదిలేసి, పాత్రకున్న గాజు కిటికీలోంచి లోపలికి చూస్తున్నారు.

"స్పెక్ట్రోమీటరు మూతికి ఆ తొడుగు ఎప్పుడు పెట్టారు?"

"నేను చేరినప్పుడే సార్. బిళ్ళ ముందువైపు నుంచి వచ్చేవి తప్ప వేరేవి లోపలికి పోకూడదని."

"మా రోజుల్లో లేదు," అన్నారాయన. "మళ్ళీ గ్యాసు వదులు. ఈసారి బిళ్ళను తిప్పి, వీపు దీనివైపు పెట్టు."

"వెనక ఏముంటుంది సార్? బిళ్ళను పట్టుకునే తీగెలే కదా."

"వాటినే చూద్దాం."

సునంద బిళ్ళను తిప్పే పిడి తిప్పింది. వేడి ఎక్కింది. రెండో పీక్ లేచింది, సరిగ్గా పేపరులో ఉన్న డిగ్రీల దగ్గరే. మూడుసార్లు అటూ ఇటూ తిప్పి చూశారు. ముఖం పెడితే పోతుంది, వీపు పెడితే వస్తుంది.

సునందకు సంతోషం కలగలేదు, ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ తను వెతికింది నికెల్ మీద లేనే లేదు. తీగెలకు అంటుకున్న గ్యాసే లేచి, తొడుగు లేని రోజుల్లో స్పెక్ట్రోమీటరులోకి పోయింది. ఆ పీక్‌తోనే ఈయనకు ఇంత పేరు వచ్చింది.

"తీగెలు పాడయ్యాయేమో సార్. మార్చి మళ్ళీ చేస్తాను," అంది గబగబా.

"మా రోజుల్లోనూ ఆ రకం తీగెలేనమ్మా. మార్చి చూడు, వద్దనను. ముందు ఇది రాయి."

ఆ ప్రయోగశాలలో ఒక ఆనవాయితీ ఉంది. చేసిన ప్రతి పనీ పెన్నుతో పుస్తకంలో రాయాలి, కొట్టివేతలు కూడవు. చేసినవాళ్ళు ఒక పక్క, చూసినవాళ్ళు ఒక పక్క సంతకం పెట్టాలి. సునంద పెన్ను తీసి, తేదీ వేసి ఆగిపోయింది. ఆయనే పుస్తకం తనవైపు తిప్పుకుని, "రెండో పీక్ తీగెలది. నా పాత పేపరు తప్పు" అని రాసి, చూసినవాళ్ళ గడిలో సంతకం పెట్టారు. పుస్తకం ఆమె ముందుకు జరిపారు.

"అది మీ పేపరు సార్... అందులో తప్పుంటుందని నేనెలా..."

కొండలరావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఏడాదిన్నర నీ చేతుల్ని అనుమానించావు. ఒక్కరోజు నన్ను అనుమానించలేకపోయావా, అమ్మా?"